సాక్ష్యం చెప్పలేనివారు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాలలో రొమ్ములో గడ్డ కనబడిన సహోదరి ముందుగా చెప్పుకొనేది డాక్టరుతో కాదు. తల్లితో, ఆ తరువాత పాస్టరమ్మతో. నిర్ణయం చాలాసార్లు భర్త, బావగారు చేస్తారు. ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరించినా తిరుపతికో వేలూరుకో తిరగాలి, కూలి పోతుంది. రొమ్ము తీసేస్తారన్న సిగ్గు, జుట్టు ఊడుతుందన్న భయం వేరే. అప్పుడు ఆకు పసరు, ప్రార్థించిన నూనె దగ్గరగా కనిపిస్తాయి. దీనిని అజ్ఞానమని మేము కొట్టివేయము.

అయితే వైద్యానికి తోడుగా వాడేది వేరు, వైద్యానికి బదులు వాడేది వేరు. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రత్యామ్నాయ మార్గాన్నే నమ్ముకొన్న రొమ్ము క్యాన్సరు రోగులకు మరణ ప్రమాదం అయిదు రెట్లకు పైగా కనబడింది. తోడుగా తీసుకొనే చూర్ణమైనా డాక్టరుకు చెప్పాలి. కొన్ని కీమో మందులకు అడ్డుపడతాయి. హిజ్కియా కన్నీటి ప్రార్థన విన్న దేవుని మాట తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు (యెషయా 38).

మన తప్పు సాక్ష్యాల దగ్గర ఉంది. “మందులు మానేశాను, స్వస్థపడ్డాను” అన్నవారికి మైకు ఇస్తాము, మేమూ అచ్చువేశాము. అంతకుముందే ఆపరేషన్ అయిందా అని అడగలేదు. మందులు మాని ప్రభువునందు నిద్రించిన సహోదరి వచ్చి సాక్ష్యం చెప్పలేదు గదా! ఇకమీదట స్వస్థత సాక్ష్యం పంపేవారిని ఏ వైద్యం, ఎప్పుడు జరిగిందో అడుగుతాము. ఆ వివరం లేనిది ఈ పత్రికలో వేయము.