కొలతలు తీసుకున్నారు సరే, అడిగారా?

ఎనిమిది అంగుళాల ముందు చక్రాలున్న వీల్‌చైర్ ఒక ఇంటి గడప ముందు ఆగిందనుకుందాం. గడప ఎత్తు రెండు అంగుళాలే. చక్రాన్ని అడ్డంగా నెట్టి గడప ఎక్కించాలంటే, దాని మీద పడే బరువుకు సుమారు 1.7 రెట్ల బలం కావాలి. అదే 24 అంగుళాల చక్రమైతే, ఆ బరువులో మూడింట రెండు వంతుల బలం చాలు. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ చదివిన వారెవరైనా ఈ లెక్క వేయగలరు. కానీ ఆ ఇంటికి గడప ఉందని లెక్క వేసేవారికి ఎవరు చెప్పాలి? ఆ కుర్చీలో రోజూ కూర్చునే మనిషే చెప్పాలి.

సహాయక పరికరాల విషయంలో మన ఆలోచన ఎక్కువగా పంపిణీ చుట్టూనే తిరుగుతోంది. దానికి కారణం లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2022లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 250 కోట్ల మందికి పైగా ఏదో ఒక సహాయక పరికరం అవసరం. దాదాపు 100 కోట్ల మందికి అది అందడం లేదు. ఇంత కొరత ఉన్నప్పుడు ముందు ఇచ్చేద్దాం, తర్వాత చూద్దాం అనిపించడం సహజం.

అయితే ఇచ్చిన పరికరం వాడకంలో ఉంటుందన్న హామీ లేదు. 1993లో ఫిలిప్స్, జావో అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 227 మంది వాడకందార్లను ప్రశ్నించారు. వారి పరికరాల్లో 29.3 శాతం మూలన పడ్డాయి. ఎంపికప్పుడు వాడేవారి అభిప్రాయం తీసుకోకపోవడం, పరికరం సరిగా పనిచేయకపోవడం, అవసరాలు మారడం కారణాలుగా తేలాయి. వీటితో పాటు పరికరం తేలిగ్గా చేతికి రావడం కూడా ఒక కారణమే! సర్వే పాతది, దేశం వేరు. అయినా మన శిబిరాలను తలచుకుంటే ఆ చివరి కారణం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

వాడేవారే రూపకర్తలైతే ఏం జరుగుతుందో రాల్ఫ్ హాచ్‌కిస్ పని చూస్తే తెలుస్తుంది. 1966లో మోటార్ సైకిల్ ప్రమాదంలో నడక కోల్పోయిన ఈ అమెరికన్ ఇంజినీరు 1980లో నికరాగ్వా వెళ్ళి, అక్కడి వీల్‌చైర్ వాడకందార్లతో కలిసి కుర్చీలు తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆ కృషి నుంచే విర్ల్‌విండ్ సంస్థ, దాని రఫ్‌రైడర్ కుర్చీ వచ్చాయి. ఇసుకలో, బురదలో కూరుకుపోని వెడల్పాటి రబ్బరు ముందు చక్రం ఆలోచన జింబాబ్వే తయారీదారులది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువ కావడంతో ముందు చక్రం మీద పడే బరువు తగ్గుతుంది. గడప లెక్క ఇక్కడ మారిపోతుంది. పల్లంలో కుర్చీ ముందుకు తిరగబడే ప్రమాదమూ తగ్గుతుంది. చక్రాలకు మామూలు సైకిల్ టైర్లు సరిపోతాయి, అంటే పంక్చరైతే ఊళ్ళోని సైకిల్ షాపు చాలు. మెత్తటి నేలల ప్రయోగశాలలో ఈ అవసరాలు ఎవరికి తట్టేవి?

మన దగ్గరా ఇలాంటి పని జరిగింది. ఐఐటీ ఢిల్లీ నుంచి 2014లో వచ్చిన స్మార్ట్‌కేన్‌ను అంధులతో కలిసి, వారి చేత పరీక్షింపజేసి తీర్చిదిద్దారు. మామూలు తెల్లకర్రకు తగలని, మోకాలికి పైన ఉండే అడ్డంకులను అది అల్ట్రాసౌండ్‌తో పసిగట్టి చేతికి ప్రకంపనలతో చెబుతుంది. శబ్దంతో చెబితే, రోడ్డు మీద అంధులకు ఎంతో అవసరమైన వినికిడికే అది అడ్డు తగులుతుంది.

పరికరం కథ అలా ఉంటే, దాన్ని అందించే సేవ కథ వేరు. వీల్‌చైర్ల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎనిమిది దశలున్నాయి. అంచనా, సరిచూసి అమర్చడం, వాడకంలో శిక్షణ, మరమ్మతు వంటివి వాటిలో ఉన్నాయి. శిబిరంలో పేరు పిలిచి కుర్చీ చేతికిచ్చి ఫొటో తీసుకుంటే ఇవన్నీ జరిగినట్టు కాదు. సీటు సరిపోకపోతే శరీర బరువు కొద్ది చోట్లే పడుతుంది. విస్తీర్ణం తగ్గితే పీడనం పెరుగుతుంది. స్పర్శ తెలియని వారికి అక్కడే పుండ్లు పడతాయి, అవి ప్రాణం మీదికీ తేవచ్చు.

1981 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకంలో అదే అవసరానికి మళ్ళీ సాయం పొందాలంటే మూడేళ్ళు ఆగాలి, 12 ఏళ్ళ లోపు పిల్లలైతే ఏడాది. నిధుల కోణంలో ఇది సబబే. కానీ ఏడు నెలలకే కాలి పట్టీ బిగుతైన పిల్ల తల్లి ఆ నిబంధన రాసే గదిలో ఉంటే, మధ్యలో సర్దుబాటు ఎవరు చేస్తారని అడిగి ఉండేది.

వాడేవారిని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారని కొందరు ఇంజినీర్లు అంటారు. నిజమే, అందుకే అడగాలి. ప్రయోగంలో రీడింగులు చెదిరితే సగటు తీసి ఊరుకోం, ఎందుకు చెదిరాయో చూస్తాం. పొలం గట్ల మీద తిరిగేవారికీ, ఆఫీసులో కూర్చునేవారికీ ఒకే కుర్చీ ఎలా సరిపోతుంది? పైగా వికలాంగులకు సంబంధించిన నిర్ణయాల్లో వారి సంఘాలను సంప్రదించాలని, భాగస్వాములను చేయాలని భారత్ 2007లో ఆమోదించిన ఐక్యరాజ్య సమితి ఒడంబడిక చెబుతోంది. చివర్లో ఒక అభిప్రాయ పత్రం నింపించుకుంటే అది భాగస్వామ్యం అనిపించుకోదు. ‘దివ్యాంగులు’ అన్న పేరు పెట్టేటప్పుడే తమను అడగలేదని పలు సంఘాలు అభ్యంతరం చెప్పాయి, అది గుర్తుంచుకోవాలి.

టెండరు నిబంధనలు రాసే కమిటీలో వాడకందార్లకు ఓటు ఉండాలి. వారి సమయానికి మిగతా నిపుణుల్లాగే పారితోషికం ఇవ్వాలి. వారిలో మహిళలుండాలి, ఎందుకంటే వంటింట్లో, మరుగుదొడ్డిలో కుర్చీ ఎక్కడ ఆగిపోతుందో ఇతరులు అంత వివరంగా చెప్పలేరు. ఎన్ని పంచారన్న లెక్క పక్కనే, ఆరు నెలల తర్వాత ఎన్ని వాడుతున్నారన్న లెక్కను కూడా ప్రతి జిల్లా ప్రకటించాలి. ఆ రెండో లెక్కను సేకరించడానికి పెద్ద సాంకేతికత ఏమీ అక్కర్లేదు, శిబిరంలో రాసుకున్న ఫోన్ నంబర్లు చాలు.