రాగిరేకు మీది సాక్ష్యము

సముద్రతీరమున ఉప్పెన వచ్చి జనులు మరణించినప్పుడెల్ల మన ప్రసంగ వేదికలపై ఒక మాట వినబడుచున్నది: అది వారి పాపమునకు దేవుడిచ్చిన తీర్పు అని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో, సముద్రపు హోరు వినబడని చోట నివసించు మనకు ఈ మాట పలుకుట మిక్కిలి సులభము. కాని అది సువార్త కాదు. దానిని ఖండింపక తప్పదు.

ముందుగా ఒక చిత్రమును గూర్చి చెప్పనిండు. 1651 మార్చి నెలలో హాలెండు దేశమున పెనుగాలి లేచి, ఆమ్‌స్టర్‌డామ్ నగరమునకు చేరువనున్న హౌటెవాల్ అను చిన్న పల్లెయొద్ద నీటికి అడ్డుగా నున్న కట్ట తెగెను. పీటర్ నోల్పే అను చిత్రకారుడు ఆ దృశ్యమును రాగిరేకుపై ఎచింగు పద్ధతిని చిత్రించి అచ్చువేసెను. ఆ పని యెట్టిదనగా, రేకుకు మైనపు పూత పూసి దానిపై సూదితో గీతలు గీయుదురు. ఆమ్లములో ముంచగా గీత పడిన చోటనే లోహము తినివేయబడును. తరువాత పూత తీసి, సిరా పట్టించి, పైభాగమంతయు తుడుతురు. నునుపుగా నున్న చోట సిరా నిలువదు. గాయపడిన చోటనే నిలుచును. తడికాగితము పరచి యంత్రమున నొక్కగా ఆ గాయములే చిత్రమగును.

ఆ చిత్రములో తెగిన కట్టయు దూకుచున్న నీరును కనబడును. కట్ట ఎచ్చట తెగెనో చిత్రకారుడు చూపెను. మన బోధకులైతే కట్టను చూడరు; చచ్చినవారి పాపములను వెదకుదురు.

మన తెలుగునాట 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడెను. ప్రభుత్వపు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించిరి. వారిలో పూరిగుడిసెలలోని బీదలు, జాలరులు, కూలివారు అనేకులు. నేల పల్లము, ఎక్కి తలదాచుకొనుటకు గట్టి మేడలు అరుదు. పదమూడేండ్ల తరువాత, 1990 మే 9న, బలములో దానికి సాటిరాగల తుపాను అదే తీరమును తాకెను. ఈసారి మృతులు 1,000 మందికి లోపు. ఏల? ముందుగా హెచ్చరిక అందెను. లక్షకు మించిన జనులను సురక్షిత స్థలములకు తరలించిరి. మొదటి ఉప్పెన పిమ్మట కట్టిన తుపాను ఆశ్రయములు నిలిచియుండెను. తీర్పు సిద్ధాంతము బోధించువారిని అడుగుచున్నాను: ఆ పదమూడేండ్లలో తీరవాసుల పాపము పది వంతులలో తొమ్మిది వంతులు తగ్గెనా?

వారు నోవహు దినములను జ్ఞాపకము చేయుదురు. మంచిది, నోవహునే చూతము. దేవుడు జలప్రళయమునకు కారణమును తానే తెలిపెను. ముందుగా హెచ్చరించి ఓడ కట్టించెను. దివిసీమ విషయమై ఈ బోధకులకు అట్టి మాట ఎవరు తెలిపిరి? నోవహు పేరు చెప్పువారు ఓడ కట్టుటలోనైన అతనిని వెంబడింపవలదా? తీరమున నిలిచిన ఒక్క తుపాను ఆశ్రయము వారి నూరు ప్రసంగములకంటె నోవహు విశ్వాసమునకు దగ్గర.

ఈ ప్రశ్నకు ప్రభువే ఎన్నడో ఉత్తరమిచ్చెను. లూకా 13వ అధ్యాయము తెరువుడి. సిలోయములో గోపురము కూలి పదునెనిమిది మంది చచ్చిరి. వారు యెరూషలేము వాసులందరికంటె అపరాధులు కారని ఆయన స్పష్టముగా చెప్పి, మారుమనస్సు పొందుమని బ్రదికియున్నవారి వైపు తిరిగెను. చచ్చినవారిపై తీర్పరిగా కూర్చుండుటకు ఆయన ఎవరికిని సెలవియ్యలేదు.

మన సంగతి చూడుడి. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు కోదాడ వీధులు ఏరులైనవి. ఆ దినములలోనే నడిగూడెం మండలమున సాగర్ ఎడమ కాలువకు గండి పడెను. అప్పుడు మనము వర్షమును గూర్చి, కాలువ గట్టును గూర్చి, పూడిన నాలాలను గూర్చి మాటలాడితిమి. ఇది కోదాడ పాపమని ఏ బోధకుడు పలికెను? మన యింటికి వచ్చిన నీటికి కారణములు, పొరుగువాని యింటికి వచ్చిన నీటికి పాపములు! ఇవి రెండు తూనికరాళ్లు గావా? మిర్యాలగూడ, కోదాడ చేలను తడుపు కృష్ణయే హంసలదీవి వద్ద సముద్రములో కలియుచున్నది. ఒకే నది నీరు త్రాగువారము. వారు మనకు పొరుగువారు కారా?

ప్రియ చదువరులారా, సంఘముయొక్క జ్ఞాపకము ఆ రాగిరేకువలె ఉండవలెను. నునుపైన మాటలు తుడుపునకు పోవును. గాయము సిరాను పట్టియుంచును. నవంబరు 19కి దగ్గరి ఆదివారమున దివిసీమ మృతులను మన ఆరాధనలో జ్ఞాపకము చేసికొందము. ఆనాటి కానుక తీరవాసుల అక్కరకు పంపుదము. వానకాలమునకు ముందు మన ఊరి చెరువుకట్టను చూచి వచ్చి, బలహీనమైన చోటును అధికారులకు తెలుపుదము. వరద వచ్చిన రాత్రి మన గుడి తలుపులు కులమతములు అడుగక తెరచియుంచుదము. ఇదియే మారుమనస్సునకు తగిన ఫలము. తీర్పును తీర్పరికి విడిచిపెట్టుడి. కట్టను మాత్రము మన చేతులకు ఆయన అప్పగించెను.