బ్రెజిల్ కాఫీ బేరానికి మార్కులు చాలవు

బ్రెజిల్ కాఫీ కొనేవారి ముందుకు శాంపిలుతో పాటు ఇప్పుడు ఒక అంకె కూడా వస్తున్నది. నూటికి 80 మార్కులు దాటితే మేలురకమని, తగ్గితే మామూలు సరుకని బేరం సాగుతున్నది. దూరదేశపు కొనుగోలుదారుకు ఇది సులువైన పద్ధతే గాని, క్షేమమైనది కాదు.

బ్రెజిల్‌లో గ్రేడింగుకు రెండు పరీక్షలున్నవి. మొదటిది కంటి పరీక్ష. 300 గ్రాముల శాంపిలులో నల్ల గింజలు, పులిసిన గింజలు, విరుగుడు లెక్కించి టైపు నిర్ణయిస్తారు. 4 లోపాలైతే టైపు 2. 26 అయితే టైపు 4. రెండవది కప్పు పరీక్ష. స్ట్రిక్ట్‌లీ సాఫ్ట్, సాఫ్ట్, సాఫ్టిష్, హార్డ్, రియాయ్, రియో అని ఇందులో తరగతులు. రియో సరుకు అయొడిన్ మందు వాసన వేస్తుంది. చూపుకు టైపు 2 అయిన సరుకు కూడా కప్పులో రియోగా తేలవచ్చు.

కప్పు పరీక్షకు గింజలను లేతగా వేయించేది ఇందుకే. ముదురుగా వేయిస్తే మాడు రుచి చాటున దోషాలు దాగిపోతాయి. 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల చొప్పున ఐదు కప్పులు పెడతారు. ఏ కప్పు గింజలు ఆ కప్పుకే తూచి పొడి చేయడం వల్ల చెడ్డ గింజ ఏదో ఒక కప్పులో పట్టుబడే అవకాశం ఉంటుంది. కప్పు చల్లారే దాకా మళ్ళీ మళ్ళీ రుచి చూడాలి. వేడిమీద తెలియని దోషం అప్పుడు తెలుస్తుంది.

ఇక మార్కుల సంగతి. పండును తోలుతోనే ఎండబెట్టిన బ్రెజిల్ సరుకులో పులుపు తక్కువ, చిక్కదనం ఎక్కువ. వేరుసెనగ, చాక్లెట్ వంటి రుచి ఉంటుంది. పులుపును మెచ్చే పరీక్షకుడు దీనికి మార్కులు తగ్గించవచ్చు. ఎస్ప్రెసో మిశ్రమాలు అమ్మే వ్యాపారి మాత్రం ఆ చిక్కదనం కోసమే కొంటాడు. స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ 2023లో ప్రవేశపెట్టిన విధానం రుచి వర్ణనను, పరీక్షకుని మెప్పును వేరుచేసింది. ఇది స్వాగతించదగిన మార్పు.

కనుక ఒప్పందంలో మార్కులు మాత్రమే రాసుకుని ఊరుకోరాదు. టైపు, జల్లెడ నంబరు, కప్పు తరగతి మూడూ రాయించుకోవాలి. సరుకు ఓడ ఎక్కకముందే శాంపిలు తెప్పించి, లేతగా వేయించి, ఐదు కప్పులూ రుచి చూపించాలి. 60 కిలోల బస్తాలు 320 పట్టే కంటైనరు రేవు దాటి వచ్చిన తర్వాత రియో వాసన బయటపడితే, 80 మార్కుల కాగితం ఆ నష్టాన్ని పూడ్చదు.