బార్క్ అంటే జీకే బిట్ ఒక్కటేనా?

రెండేళ్ల కిందట కడప జిల్లా వేముల మండలంలో మా బంధువుల ఊరికి పోయినప్పుడు ఓ పెద్దాయన నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. వాళ్ల బోరు నీళ్ల పరీక్ష రిపోర్టు అది. "అబ్బీ, ఇంజనీరింగ్ సదివినావు గదా. ఈ నీళ్లు తాగొచ్చో లేదో సూసి సెప్పు" అన్నాడు. అంతా ఇంగ్లిష్. యురేనియం అన్నచోట ఒక అంకె, దాని పక్కన పీపీబీ అని ఉంది. ఎంత దాటితే ప్రమాదమో నాకు తెలీదు. ఫస్ట్ క్లాస్ బీటెక్ నాది! "కనుక్కొని చెప్తా పెద్దనాయనా" అని తప్పించుకున్నా.

ఆ సిగ్గుతోనే భాభా అణు పరిశోధన కేంద్రం, అంటే బార్క్ గురించి మొదటిసారి శ్రద్ధగా చదివాను. అక్కడి ట్రైనింగ్ స్కూల్‌లో ఇంజనీర్లను, సైన్స్ పీజీలను తీసుకుంటారని అప్పుడే తెలిసింది. జనరల్ అభ్యర్థులకు వయసు పరిమితి 26 అనీ తెలిసింది. నాకప్పటికే 27. కాలేజీలో ఉన్న నాలుగేళ్లలో బార్క్ పేరు నేను విన్నది ఒక్కచోటే, "ట్రాంబే ఎక్కడుంది?" అనే జీకే బిట్‌లో. మీకు అలా జరగకూడదనే ఇది రాస్తున్నా.

హోమీ భాభా చొరవతో 1954లో ట్రాంబేలో ఈ సంస్థ మొదలైంది. రెండేళ్లకే, 1956 ఆగస్టు 4న, మన ఇంజనీర్లు కట్టిన అప్సర రియాక్టర్ పనిచేయడం మొదలుపెట్టింది. 1957లో ట్రైనింగ్ స్కూల్ పెట్టారు. ఈ పనికి కావలసిన మనుషులు బయట దొరకరు, మనమే తయారు చేసుకోవాలన్నది ఆలోచన. 1966లో విమాన ప్రమాదంలో భాభా చనిపోయాక, మరుసటి ఏడాది సంస్థకు ఆయన పేరు పెట్టారు.

"అణుబాంబులు, కరెంటు... మనకెందుకులే" అనుకుంటాం. కానీ టీఏజీ-24 వేరుశనగ పేరు మీ ఇంట్లో నాన్ననో తాతనో అడిగి చూడండి. రేడియేషన్‌తో విత్తనాల్లో మార్పులు తెచ్చే పద్ధతిలో బార్క్ చేసిన కృషి నుంచి వచ్చిన రకం అది. ఉల్లి సంగతీ అంతే. మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో ఉల్లిగడ్డలు మొలకెత్తకుండా గామా కిరణాలు పట్టించే ప్లాంటును బార్క్ 2002లో పెట్టింది. ధర పడిపోయిన రోజు కర్నూలు మార్కెట్ యార్డులో గడ్డల్ని పారబోసి పోయే రైతుల్ని చూసినవాళ్లకు, నిల్వ అనే మాట విలువ వేరే చెప్పాలా?

ఇక తుమ్మలపల్లె. ఝార్ఖండ్‌లోని జాదుగూడలో యురేనియాన్ని రాయి నుంచి ఆమ్లంతో కరిగించి తీస్తారు. మన రాయి సున్నపు జాతిది. ఆమ్లం పోస్తే ఆమ్లాన్నే తాగేస్తుంది. అందుకే ఎక్కువ వేడి, ఒత్తిడి మధ్య సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో కరిగించే పద్ధతిని ఇక్కడ వాడారు. దాని వెనక బార్క్ శాస్త్రవేత్తల పని ఉంది. ఇక్కడ తీసింది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు పోయి రియాక్టర్ ఇంధనమవుతుంది.

కథ ఇక్కడితో ఆపేస్తే నేను ప్రచారం చేసినట్టే. వ్యర్థాల చెరువు కట్టాక బోర్ల నీళ్లు మారాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. కాలుష్య నియంత్రణ మండలి 2019లో కంపెనీకి నోటీసు ఇచ్చింది. అంతా పరిమితుల్లోనే ఉందన్నది కంపెనీ మాట. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం అన్వేషణకు బోర్లు వేస్తారనగానే ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి, ప్రభుత్వం ఆపేసింది. వాళ్ల భయాన్ని "అవగాహన లేదు" అని కొట్టేయడం అన్యాయం. అర్థమయ్యే భాషలో వాళ్లకు లెక్క చెప్పిందెవరు?

ఆ లెక్క కూడా అంత సులువు కాదు. లీటరు నీళ్లలో యురేనియం 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన అణుశక్తి నియంత్రణ బోర్డు 60 దాకా ఒప్పుకుంది. మరి బోరులో 45 వస్తే? పైగా రాయిలోనే యురేనియం ఉన్న చోట భూగర్భజలంలో కొంత సహజంగానే ఉండొచ్చు. గనికి ముందు ఎంత, ఇప్పుడెంత అన్నది పక్కపక్కన పెట్టి చూస్తేగానీ తప్పెక్కడో తేలదు.

"మా ఊరు వద్దంటున్న పనిలో నేనెట్లా చేరాలి?" అని ఓ జూనియర్ అడిగాడు. నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఉద్యోగం కోసం ఊరి ప్రశ్నను వదలొద్దు. ఊరి ప్రశ్న కోసం ఈ చదువునూ వదలొద్దు. రేడియేషన్ భద్రత, పర్యావరణ పరీక్షలు కూడా బార్క్ పనిలో భాగమే. ఆ బల్లల దగ్గర మన ప్రాంతం పిల్లలు కూర్చుంటే, వేముల బోరు వాళ్లకు పటంలో చుక్కగా కాదు, మేనమామ బోరుగా కనిపిస్తుంది. సంస్థలు చేయాల్సింది కూడా ఉంది. ప్రతి ఊరి నీళ్ల రిపోర్టూ తెలుగులో, పాత అంకెలతో సహా పంచాయతీ గోడ మీద అంటించాలి.

ఇప్పుడు మీ పని. బీటెక్‌లో 60 శాతం మార్కులు నిలుపుకోండి. గేట్‌ను ఎంటెక్ పరీక్షగానే చూడొద్దు, ఆ స్కోరు బార్క్ ఇంటర్వ్యూకూ దారి. చివరికి ఎంపిక జరిగేది ఇంటర్వ్యూలోనే. అక్కడ బిట్లు పనికిరావు, మీ సబ్జెక్టు మూలాలు అడుగుతారు. జియాలజీ పీజీ వాళ్లకు శిక్షణ హైదరాబాద్‌లోనే, అణు ఖనిజాల డైరెక్టరేట్‌లో. డిప్లొమా, బీఎస్సీ, ఐటీఐ వాళ్లకు స్టైపెండరీ ట్రైనీ పోస్టులు వేరే ఉంటాయి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏటా నోటిఫికేషన్ మీరే చదవండి, వాట్సాప్ ఫార్వర్డ్‌ను నమ్మొద్దు. ముఖ్యంగా, మీ వయసు లెక్క ఈ రోజే వేసుకోండి.

ఆ పెద్దాయన దగ్గరికి నేను మళ్లీ పోయా. 30, 60 అంకెల సంగతి కాగితం మీద రాసి చూపించా. ఆయన అంతా విని, "గని రాకముందు రిపోర్టు యాడుందబ్బీ?" అన్నాడు. దానికి ఈసారీ నా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరైనా ఆ జవాబుతో ఆ ఊరికి పోవాలని నా కోరిక.