నాలుగు సేవలు, ఒక తీగ

మన ఇల్లు – మన లోకం



గోపురం కట్టాలనుకున్నవాడు ముందుగా కూర్చొని, దాన్ని ముగించటానికి తన దగ్గర చాలినంత ఉన్నదో లేదో లెక్క వేసుకోవాలని మన ప్రభువు చెప్పిన ఉపమానం లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉన్నది. పునాది వేసి ఆపేసినవాణ్ణి చూసి పదిమందీ నవ్వుతారని కూడ ఆయన హెచ్చరించాడు. శిష్యత్వానికి చెల్లించవలసిన వెల ఎంతో తెలుసుకోమని చెప్పటానికే ప్రభువు దాన్ని ఉపయోగించాడు. అయితే ఆయన ఎన్నుకున్న ఉదాహరణ మాత్రం ఇల్లు గడిపే ప్రతివాడికీ తెలిసిన డబ్బు లెక్క. ఈ నెల బ్రిటన్ దేశంలోని ఒక కంపెనీ కథను ఆ ఉపమానం పక్కన పెట్టి చూద్దాం. మన తెలుగు బిడ్డలు ఎందరో ఆ దేశంలో చదువుకొంటున్నారు, ఆసుపత్రుల్లోను కంప్యూటరు ఆఫీసుల్లోను పనిచేస్తున్నారు. వారు ఇంటికి టీవీ, ఇంటర్నెట్ పెట్టించుకోవాలంటే వినపడే పేర్లలో ఒకటి వర్జిన్ మీడియా. అది ఒక్కనాడు పుట్టిన కంపెనీ కాదు.

వీధులు తవ్విన కాలం

బ్రిటన్ పార్లమెంటు 1984లో కేబుల్ టెలివిజన్‌కు ఒక చట్టం చేసింది. దేశాన్ని ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతంలో తీగ వేసే హక్కు ఒక్కొక్క కంపెనీకి ఇచ్చారు. మన ఊళ్ళలో 1990లలో కేబుల్ ఆపరేటరు మేడమీద డిష్ పెట్టి, స్తంభాల మీదుగా, చెట్ల మీదుగా ఇంటింటికి వైరు లాగటం మనం చూశాం. అక్కడ కాలిబాటలు తవ్వి, గొట్టాలు పూడ్చి, వాటిలోనుండి తీగ పంపాలి. ఆ పనికి అయ్యే ఖర్చు చాల ఎక్కువ. రాబడి మాత్రం ఏళ్ళ తరువాత గాని రాదు. అందుచేత మొదటి సంవత్సరాలలో పని నత్తనడకన సాగింది.

1991లో ప్రభుత్వం రెండు నిర్ణయాలు చేసింది. కేబుల్ కంపెనీలు సొంతంగా టెలిఫోను సేవ కూడ అమ్ముకోవచ్చునన్నది మొదటిది. దేశమంతటా టెలిఫోను తీగలు ఉన్న పెద్ద సంస్థ బ్రిటిష్ టెలికాం కొన్ని సంవత్సరాలపాటు తన తీగలమీద టీవీ ప్రసారాలు ఇవ్వకూడదన్నది రెండవది. దీనితో అమెరికా టెలిఫోను, కేబుల్ కంపెనీల సొమ్ము బ్రిటన్‌లోకి ప్రవహించింది. ఒకే గుంటలో టీవీ తీగ, ఫోను తీగ రెండూ పడ్డాయి. వీధి వెంబడి వీధి తవ్వారు. చెట్ల వేళ్ళు తెగుతున్నాయని, తవ్విన బాట సరిగా పూడ్చలేదని ప్రజలు ఫిర్యాదులు చేశారు. పని మాత్రం ఆగలేదు.

అప్పుతో పెరిగిన వైభవం

ఆ కంపెనీలలో రెండు మిగిలినవాటిని కొనుక్కొంటూ పెద్దవయ్యాయి. ఒకటి టెలివెస్ట్. రెండవది 1993లో మొదలైన ఇంటర్నేషనల్ కేబుల్‌టెల్. ఇది 1996లో టీవీ ప్రసార స్తంభాలు నడిపే నేషనల్ ట్రాన్స్‌కమ్యూనికేషన్స్ అనే సంస్థను కొని, దాని పేరులోని అక్షరాలతోనే ఎన్.టి.ఎల్. అని తన పేరు మార్చుకున్నది. 2000లో కేబుల్ అండ్ వైర్‌లెస్ కమ్యూనికేషన్స్ వారి గృహ కేబుల్ వ్యాపారాన్ని కూడ కొన్నది. చేతిలోని సొమ్ముతో కొన్నది కాదు, అప్పు తెచ్చి కొన్నది. ఇంటర్నెట్ అనే మాట వింటే చాలు, షేర్ల ధరలు ఆకాశానికి ఎగిరే రోజులవి. అప్పు ఇచ్చేవారికి కొదువ లేదు.

షేర్ల ధరలు కూలిపోగానే లెక్క బయటపడింది. వచ్చే నెలసరి బిల్లులు వడ్డీకి చాలలేదు. వేలాదిమంది ఉద్యోగాలు పోయాయి. 2002 మే నెలలో ఎన్.టి.ఎల్. అమెరికా దివాలా చట్టం కింద కోర్టును ఆశ్రయించింది. 2003 జనవరిలో బయటపడేసరికి వెయ్యి కోట్ల డాలర్లకు పైబడిన అప్పును వాటాలుగా మార్చి, అప్పులవాళ్ళకే కంపెనీని అప్పగించవలసి వచ్చింది. టెలివెస్ట్ కూడ 2004లో అదే దారిలో నడిచింది. అక్కడ అప్పిచ్చినవారికి కంపెనీలో నూటికి 98.5 వంతులు పోగా, పాత వాటాదారులకు మిగిలింది 1.5 వంతు మాత్రమే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ కంపెనీలు వేసిన తీగ చెడ్డది కాదు. ఆ పని అబద్ధమూ కాదు. ఆ తీగనే జనం నేటికీ వాడుకొంటున్నారు. తప్పిపోయినది లెక్క ఒక్కటే. మంచి పని తలపెట్టాం గనుక దేవుడే చూసుకొంటాడని లెక్క వేయకుండా అప్పు చేసే విశ్వాసులు కూడ ఈ మాట ఆలోచించాలి. మందిరం కట్టినా, కుమార్తె పెండ్లి చేసినా, ప్రభువు కూర్చొని లెక్క చూసుకోమన్న మాట మనకు కూడ వర్తిస్తుంది.

పంట ఇంటికి చేర్చుకొన్నవారు

తవ్వినవారు నష్టపోగా, తరువాత వచ్చినవారు ఫలం అనుభవించారు. 2006 మార్చిలో ఎన్.టి.ఎల్., టెలివెస్ట్ ఒకటైనాయి. అదే ఏడు జూలైలో సుమారు 96 కోట్ల పౌండ్లకు వర్జిన్ మొబైల్‌ను కొన్నారు. 2007 ఫిబ్రవరిలో అంతటికీ కలిపి వర్జిన్ మీడియా అని పేరు పెట్టారు. టీవీ, ఇంటర్నెట్, ఇంటి ఫోను, చేతి ఫోను, ఈ నాలుగూ ఒకే కంపెనీనుండి, ఒకే బిల్లుమీద ఇవ్వటం ఆ దేశంలో అదే మొదలు. 2013లో అమెరికాకు చెందిన లిబర్టీ గ్లోబల్ దాన్ని కొన్నది. 2021 జూన్ 1న స్పెయిన్ సంస్థ టెలిఫోనికాకు చెందిన ఓ2 మొబైల్ కంపెనీతో కలిసి వర్జిన్ మీడియా ఓ2 అయింది. అదే ఏడాది చివరికి దాని కేబుల్ అంతటా సెకనుకు ఒక గిగాబిట్ వేగం అందుబాటులోకి వచ్చింది. 2000 ప్రాంతంలో అక్కడ అమ్మిన వేగానికి ఇది దాదాపు రెండువేల రెట్లు.

మన రాష్ట్రం కూడ ఈ ఆలోచనకు దూరంగా లేదు. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు ఇస్తామన్నారు. అక్కడ గుంటలు తవ్వితే, ఇక్కడ కరెంటు స్తంభాలమీద తీగ లాగి ఖర్చు తగ్గించుకున్నారు.

ఎర్ర బొత్తాము మూగబోయిన వేళ

ఈ కథలో మన హృదయాలను తట్టవలసిన భాగం ఇప్పుడు చెబుతాను. బ్రిటన్‌లో ఒంటరిగా ఉండే వృద్ధులు, వికలాంగులు ఎందరో మెడలోనో చేతికో ఒక చిన్న బొత్తాము ధరిస్తారు. పడిపోతే దాన్ని నొక్కుతారు. ఇంటి ఫోను తీగ ద్వారా సహాయ కేంద్రానికి కబురు పోతుంది. పాత ఫోను తీగకు కరెంటు బయటినుండే వచ్చేది గనుక, ఇంట్లో దీపాలు ఆరిపోయినా ఫోను పనిచేసేది. ఇప్పుడు ఆ పాత విధానాన్ని తీసివేసి, ఫోనును ఇంటర్నెట్ పెట్టెకు కలుపుతున్నారు. 2027 జనవరి నాటికి ఈ మార్పు ముగించాలని అక్కడ గడువు పెట్టుకొన్నారు. కరెంటు పోతే ఆ పెట్టె ఆగిపోతుంది, ఫోనూ ఆగిపోతుంది. కొన్ని బొత్తాములు కొత్త పద్ధతిలో అసలు పనిచేయవు.

2023 చివరలో కొందరు వృద్ధుల విషయంలో జరగరానివి జరిగాయని బయటపడింది. ఆ డిసెంబరులో ప్రభుత్వం కంపెనీలను పిలిపించి, ఇటువంటివారిని బలవంతంగా కొత్త పద్ధతికి మార్చబోమని మాట తీసుకొన్నది. 2025 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, బలహీనులైన ఖాతాదారులను అపాయంలో పెట్టినందుకు వర్జిన్ మీడియాకు 2 కోట్ల 38 లక్షల పౌండ్ల జరిమానా విధించింది. కంపెనీ పంపిన ఉత్తరాలకు బదులు ఇవ్వని వృద్ధుల ఫోను కలపటం మానివేయటం అందులో ఒక నేరం. బదులు ఇవ్వలేనివారే సహాయం ఎక్కువగా అవసరమైనవారు అన్న సంగతి లెక్కలోకి రాలేదు.

వేయి కోట్ల అప్పు లెక్క తప్పితే కోర్టులో సర్దుకోవచ్చు. ఒక విధవరాలి పిలుపు వినబడకపోతే దాన్ని ఎవరు సర్దగలరు? విధవరాండ్రను, దిక్కులేనివారిని వారి ఇబ్బందిలో పరామర్శించటమే నిజమైన భక్తి అని యాకోబు పత్రిక మనకు నేర్పుతున్నది.

మన ఇండ్లలో

మన పల్లెల్లో కూడ పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో, లండన్‌లోనో ఉండి, అమ్మానాన్నలు ఒంటరిగా మిగిలిన ఇండ్లు ప్రతి సంఘంలో ఉన్నాయి. వారికి ఆధారం చేతిలోని ఫోను ఒక్కటే. రీఛార్జి గడువు ముగిసిందని వచ్చిన ఇంగ్లీషు కబురు ఆ అవ్వ చదవలేదు. "అవ్వ ఫోను ఎత్తటం లేదు" అని కొడుకు దూరదేశంలో కంగారు పడతాడు.

కనుక మూడు పనులు చేయండి. మొదటిది, కొత్త కనెక్షను గాని, వాయిదాల మీద ఫోను గాని తీసుకొనేముందు భార్యాభర్తలు కలిసి కూర్చొని, మొదటి మూడు నెలల తగ్గింపు ధర కాదు, సంవత్సరానికి అయ్యే మొత్తం కాగితంమీద వేయండి. రెండవది, సంఘంలోని యౌవనస్థులు నెలకొకసారి ఒంటరి వృద్ధుల ఇండ్లకు వెళ్ళి, ఫోను పనిచేస్తున్నదో లేదో చూసి, బిడ్డల నంబర్లు, పాస్టరుగారి నంబరు, పొరుగువారి నంబరు పెద్ద అక్షరాలతో గోడమీద అతికించండి. మూడవది, ఫోను ఉన్నది గదా అని పరామర్శ మానకండి. తీగ మాట మోసుకురాగలదు గాని, మంచంమీద ఉన్నవారికి గ్లాసెడు నీళ్ళు ఇవ్వలేదు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా ఇండ్లలోనికి వచ్చే ప్రతిదాన్ని లెక్క చూసుకొనే జ్ఞానం మాకు దయచేయుము. మేము మరచిపోయిన వృద్ధుల గుమ్మములను మాకు జ్ఞాపకము చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.