ఐదొందల డాలర్ల బేరం

ఫిబ్రవరిలో రెజైనా నగరంలో చలి సున్నాకు 30 డిగ్రీల కిందికి దిగే రోజులుంటాయి. ఇంట్లోంచి అడుగు బయటపెట్టాలంటే ఒంటిమీద నాలుగు పొరల బట్టలుండాలి. మైదానం మంచు కప్పుకుని పడుకుంటుంది. ఆటగాళ్లలో చాలామంది అమెరికాలోని సొంతూళ్లకు వెళ్లిపోయి ఉంటారు. అయినా సరే... కాఫీ దుకాణంలో నలుగురు చేరితే మాట ఆట మీదికే మళ్లుతుంది. ఈసారి ఎవరొస్తున్నారు? ఎవరు పోతున్నారు? ఆ ప్రశ్నతో మొదలైన కబుర్లు చూస్తుండగానే ఇరవై ఏళ్లు, నలభై ఏళ్లు, అరవై ఏళ్లు వెనక్కి వెళ్లిపోతాయి. 'అప్పుడు అతణ్ని వదులుకోకుండా ఉండాల్సింది' అని ఒకరంటే, 'వదిలాం కాబట్టే ఇతను దొరికాడు' అని ఇంకొకరంటారు. కాఫీ చల్లారిపోతుంది కానీ వాదన మాత్రం చల్లారదు!

కెనడాలో సస్కాచెవాన్ అనే రాష్ట్రానికి రాజధాని రెజైనా. మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినా వైశాల్యంలో దానికి సగం రావు. జనాభా మాత్రం 12 లక్షల పైచిలుకే. ఎటు చూసినా గోధుమ పొలాలు. కెనడా అంతా ప్రాణం పెట్టే ఐస్ హాకీలో, ఎన్‌హెచ్‌ఎల్ లీగ్‌లో ఆడే జట్టేదీ ఆ రాష్ట్రానికి లేదు. అక్కడివాళ్లు 'ఇది మాది' అని చెప్పుకునే పెద్ద జట్టు ఒక్కటే... సస్కాచెవాన్ రఫ్‌రైడర్స్. 1910లో పుట్టిన ఫుట్‌బాల్ జట్టు. దాని రంగు ఆకుపచ్చ. అందుకే అభిమానులు పుచ్చకాయ లోపలి గుజ్జంతా తీసేసి, ఆ డొప్పను హెల్మెట్‌లా నెత్తిన పెట్టుకుని మరీ మ్యాచ్‌కు వస్తారు!

ఈ జట్టుకు కోటీశ్వరుడైన యజమాని ఎవరూ లేరు. జనమే యజమానులు. వాటాలు కొన్నవాళ్లకు లాభాలేమీ పంచరు. ఏటా జరిగే సమావేశంలో ఓటు వేసే హక్కు మాత్రం ఉంటుంది. జట్టు డబ్బుకు కటకటలాడుతున్న 1987లో టీవీలో విరాళాల కార్యక్రమం నడిపి మరీ నిలబెట్టుకున్నారు. కాబట్టి ఒక ఆటగాణ్ని తెచ్చినా, ఇంకొకర్ని వదిలేసినా అది ఎక్కడో ఆఫీసులో జరిగిన వ్యాపారంలా ఎవరూ చూడరు. తమ ఇంటి విషయంగానే లెక్క!

ఇచ్చిపుచ్చుకోవడాలు

అక్కడి ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌కు అన్నదమ్ముల వరస. జట్టుకు 12 మంది. 110 గజాల మైదానం. మూడు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్లాలి, లేదంటే ఎదుటివాళ్ల చేతికి ఇచ్చేయాలి. బంతిని ఎవరికి విసరాలో, ఎటు నడిపించాలో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. జట్టుకు మెదడు అతనే. ఆ కెనడా లీగ్‌లో ఉన్నవి తొమ్మిది జట్లు. ఏటా వాటిలో గెలిచిన జట్టుకు దక్కేది గ్రే కప్. 1909 నుంచీ ఉన్న ట్రోఫీ అది.

ఐపీఎల్ వేలం చూసినవాళ్లకు ఇక్కడి వ్యవహారం తేలిగ్గానే అర్థమవుతుంది. కాకపోతే ఇక్కడ పద్ధతులు వేరు. ఒక ఆటగాణ్ని ఇచ్చి మరొకర్ని తెచ్చుకోవచ్చు. 'మా ఆటగాణ్ని తీసుకోండి, వచ్చే ఏడాది కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునేటప్పుడు మీ వంతు మాకివ్వండి' అనీ బేరమాడొచ్చు. ఒప్పందం ముగిసినవాడు ఫిబ్రవరిలో తనకు నచ్చిన జట్టుకు వెళ్లిపోవచ్చు. ఏదీ కుదరకపోతే జట్టే అతణ్ని వదిలేస్తుంది. తొమ్మిది జట్ల చిన్న లీగ్ కదా... పోయినవాడు ఎక్కడికో పోడు. కొన్ని నెలలు తిరక్కుండానే వేరే రంగు చొక్కా వేసుకుని ఎదురుగా వచ్చి నిలబడతాడు. అభిమానికి గుండె కలుక్కుమనేది అక్కడే.

తాతల కాలం నాటి కథ

రెజైనాలో పెద్దవాళ్లను కదిపితే ముందుగా వచ్చే పేరు రాన్ లాంకాస్టర్. అమెరికాలోని పెన్సిల్వేనియా కుర్రాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే ఆజానుబాహుడై ఉండాలనుకునే ఆటలో అతని ఎత్తు అయిదడుగుల పది అంగుళాలే. 1960లో కెనడా రాజధాని ఒట్టావా జట్టులో చేరాడు. తమాషా ఏంటంటే, ఆ జట్టు పేరు కూడా రఫ్ రైడర్సే! రాసేటప్పుడు రెండు మాటలుగా విడదీస్తారు, అంతే తేడా. అక్కడ రస్ జాక్సన్ అనే మరో గొప్ప క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. ఒకే ఒరలో రెండు కత్తులు ఎన్నాళ్లని ఇముడుతాయి? 1963 సీజన్‌కు ముందు ఒట్టావా వాళ్లు లాంకాస్టర్‌ను సస్కాచెవాన్‌కు ఇచ్చేశారు. ధర... 500 డాలర్లు! తూర్పు విభాగంలోని మరే జట్టుకూ అతణ్ని ఇవ్వకూడదని ఒక షరతు. తమ విభాగంలోనే ఎదురుపడితే ఇబ్బందని వాళ్లకు అప్పుడే తెలుసన్నమాట.

అదే ఏడాది జార్జ్ రీడ్ అనే మరో అమెరికన్ కుర్రాడు కూడా సస్కాచెవాన్‌లో చేరాడు. లాంకాస్టర్ బంతి విసరడంలో దిట్ట. రీడ్ బంతి పట్టుకుని పరుగెత్తడంలో మేటి. మూడేళ్లు గడిచాయి. 1966 గ్రే కప్ ఫైనల్లో సస్కాచెవాన్‌కు ఎదురుపడింది ఎవరనుకున్నారు? ఆ ఒట్టావానే! ఒకవైపు జాక్సన్, మరోవైపు 500 డాలర్లకు పంపేసిన లాంకాస్టర్. సస్కాచెవాన్ 29-14తో గెలిచింది. అరవై ఏళ్లకు దగ్గరపడిన ఆ జట్టు చరిత్రలో అదే మొదటి గ్రే కప్.

లాంకాస్టర్ 1978 దాకా అక్కడే ఆడాడు. కెరీర్ మొత్తంలో అతని పాస్‌లు సాధించి పెట్టిన దూరం 50,535 గజాలు. కిలోమీటర్లలో చెబితే 46! అతను రిటైరయ్యేనాటికి ఆ లీగ్‌లో అదే రికార్డు. అయితే ఈ కథ చెప్పే పెద్దవాళ్లు ఒక దగ్గర కాస్త గొంతు తగ్గిస్తారు. 1978లో జట్టు ఓటములతో సతమతమవుతున్నప్పుడు, సొంత మైదానంలో లాంకాస్టర్ ఆఖరి మ్యాచ్‌లో వినిపించింది చప్పట్లు కాదు, ఎగతాళి కేకలు. ఆ తర్వాత అతను ధరించిన 23, రీడ్ ధరించిన 34 నంబర్లను మరెవరికీ ఇవ్వకుండా జట్టు పక్కన పెట్టేసింది. లాంకాస్టర్ 2008లో, రీడ్ 2023లో కన్నుమూశారు. ఇప్పుడు ఆ కేకల గురించి అడిగితే, 'నేను అరవలేదు' అనేవాళ్లే ఎక్కువ ఉంటారు!

తిట్టిన నోళ్లే...

తాత కథ అయిపోగానే తండ్రి అందుకుంటాడు. అతని తరానికి గుర్తున్న పేరు కెంట్ ఆస్టిన్. 1966 తర్వాత 23 ఏళ్లపాటు సస్కాచెవాన్‌కు కప్పు లేదు. 1989 ఫైనల్లో హామిల్టన్ మీద 43-40తో గెలిచినప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఆస్టినే. ఆట ముగియడానికి కొన్ని సెకన్లుందనగా డేవ్ రిడ్జ్‌వే కొట్టిన కిక్‌తో తేలిన మ్యాచ్ అది. రాష్ట్రం రాష్ట్రమంతా ఆస్టిన్‌ను నెత్తిన పెట్టుకుంది.

కానీ 1993 సీజన్ అయ్యాక ఆస్టిన్ తనను వేరే జట్టుకు పంపమని అడిగాడు. 1994లో బ్రిటిష్ కొలంబియా లయన్స్ చొక్కా వేసుకుని రెజైనా మైదానానికి వచ్చాడు. స్టేడియం అతణ్ని తిట్లతో స్వాగతించింది. మీద దెబ్బ మీద దెబ్బలా... ఆ ఏడాది గ్రే కప్ లయన్స్‌దే!

అక్కడితో కథ అయిపోతే అందరూ అతణ్ని మరచిపోయేవాళ్లేమో. గోడకు కొట్టిన బంతిలా 2007లో ఆస్టిన్ మళ్లీ వచ్చాడు, ఈసారి హెడ్ కోచ్‌గా. వచ్చిన ఏడాదే పొరుగు జట్టు విన్నిపెగ్‌ను 23-19తో ఓడించి, 18 ఏళ్ల తర్వాత కప్పు తెచ్చిపెట్టాడు. తిట్టిన నోళ్లే పొగిడాయి. నెలల్లోనే అతను అమెరికాలో యూనివర్సిటీ కోచ్ ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. ఇంకా ఉంది... 2013 గ్రే కప్ ఫైనల్ రెజైనాలోనే జరిగింది. సస్కాచెవాన్‌తో తలపడిన హామిల్టన్ జట్టుకు కోచ్ ఎవరో చెప్పాలా? అదే ఆస్టిన్! సొంత జనం ముందు సస్కాచెవాన్ 45-23తో గెలిచింది. ఆటగాడిగా ఒక కప్పు, కోచ్‌గా ఒక కప్పు తెచ్చిచ్చిన మనిషి, మూడోసారి ఓడి వాళ్ల సంతోషానికి కారణమయ్యాడు.

కప్పు తెచ్చినా ఉంచలేదు!

ముప్ఫైల్లో ఉన్నవాళ్లకు మనసులో ముల్లులా మిగిలింది కెర్రీ జోసెఫ్ సంగతి. 2007లో జట్టును గెలిపించిన క్వార్టర్‌బ్యాక్ అతనే. ఆ ఏడాది లీగ్ మొత్తంలో అత్యుత్తమ ఆటగాడూ అతనే. అలాంటివాణ్ని కప్పు గెలిచి నాలుగు నెలలు తిరక్కుండానే, 2008 మార్చిలో టొరంటోకు ఇచ్చేశారు. పెళ్లైన మర్నాడే పెళ్లికొడుకును పంపేసినట్టు అనిపించింది అభిమానులకు.

అయితే లెక్క అంత తేలిగ్గా తేలలేదు. ఆ ఏడాది టొరంటో 18 మ్యాచ్‌ల్లో గెలిచింది నాలుగే. ఇటు సస్కాచెవాన్‌లో 2009 నాటికి డేరియన్ డ్యురాంట్ అనే కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా కుదురుకున్నాడు. 2009, 2010ల్లో వరసగా ఫైనల్‌కు తీసుకెళ్లాడు. రెండుసార్లూ మాంట్రియల్ చేతిలో ఓటమే, అదీ వెంట్రుకవాసిలో... 28-27, 21-18. మూడోసారి, 2013లో, కప్పు చేతికొచ్చింది. జోసెఫ్ ఉండి ఉంటే డ్యురాంట్‌కు చోటెక్కడిది? ఇక్కడే కాఫీ బల్ల రెండు వర్గాలుగా చీలిపోతుంది. ఇంకో విచిత్రం... 2014లో డ్యురాంట్ గాయపడినప్పుడు జట్టు ఎవరికి కబురు పెట్టిందో తెలుసా? 41 ఏళ్ల జోసెఫ్‌కు! అతను వచ్చి ఆడాడు కూడా.

ఇక కాలేజీ వయసు పిల్లల కోపమంతా 2016 మీద. ఆ ఏడాది జనవరిలో కొత్త యాజమాన్య బృందం వెస్టన్ డ్రెస్లర్, జాన్ చిక్‌లను వదిలేసింది. ఇద్దరూ 2013 విజయంలో ఉన్నవాళ్లే. అయిదడుగుల ఏడంగుళాల డ్రెస్లర్ అంటే పిల్లలకు మరీ ముద్దు. అతను వెళ్లి చేరింది ఎక్కడో కాదు, విన్నిపెగ్‌లో! ఆ సీజన్లో సస్కాచెవాన్ గెలిచినవి అయిదు మ్యాచ్‌లే, ఓడినవి 13. మరుసటి జనవరిలో డ్యురాంట్‌నూ మాంట్రియల్‌కు ఇచ్చేశారు. 2017 సీజన్లో సస్కాచెవాన్ తొలి మ్యాచ్ అదే మాంట్రియల్‌తో. డ్యురాంట్ కొత్త జట్టు 17-16తో గెలిచింది. ఒక్క పాయింటు తేడా!

మిగిలేది అభిమానే

పోయిన గేదె కుండెడు పాలిచ్చేదని మన పెద్దలంటారు. రెజైనా కబుర్లలో ఆ పోకడ లేకపోలేదు. వదులుకున్న ప్రతివాడూ జ్ఞాపకాల్లో కాస్త పొడవు పెరుగుతాడు, కాస్త వేగంగా పరుగెడతాడు. కానీ ఆ కబుర్లను ఉత్త కాలక్షేపమని కొట్టిపారేయలేం. బేరం కుదిర్చిన మేనేజరు నాలుగేళ్లకు వేరే ఊరు వెళ్లిపోతాడు. ఆటగాడి కాళ్లలో సత్తువ ఉండేది పదేళ్లు. కోచ్ మంచి జీతం వస్తే మారిపోతాడు. వచ్చినా పోయినా అదే సీట్లో కూర్చునేది ఒక్క అభిమానే. ఏ మార్పిడి మంచిదో, ఏది చెడ్డదో అప్పటికప్పుడు తేలదు. పదేళ్లకో, ఇరవై ఏళ్లకో తేలుతుంది. అంతవరకూ ఆ ఖాతా మూసేయకుండా కాపాడేది ఈ కబుర్లే. తాము తప్పుగా తిట్టిన సంగతులు కూడా అందులోనే జమపడతాయి.

2025 నవంబరు 16న సస్కాచెవాన్ తన అయిదో గ్రే కప్ గెలిచింది. విన్నిపెగ్‌లో జరిగిన ఫైనల్లో మాంట్రియల్‌ను 25-17తో ఓడించింది. క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ హారిస్. 39 ఏళ్లవాడు. టొరంటో, ఒట్టావా, ఎడ్మంటన్ జట్లకు ఆడి, ఆనక మాంట్రియల్ చేరి, ఒప్పందం ముగిశాక 2023లో రెజైనాకు వచ్చాడు. అంటే... 1966లో లాంకాస్టర్‌లాగే తను ఒకప్పుడు ఆడిన జట్టునే ఫైనల్లో ఓడించాడన్నమాట.

ఆ రాత్రి రెజైనాలో సంబరాలు. ఒట్టావా కాఫీ దుకాణాల్లో మాత్రం 500 డాలర్ల సంగతి ఇప్పటికీ ఎవరూ గుర్తుచేయకపోతేనే మంచిది!