చంకలో తమ్ముడు, మూలన బడిసంచి

మా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పత్తి ఏరడం అయిపోగానే సుగ్గి మొదలవుతుంది. మూటలు కట్టుకుని గుంటూరు మిరప చేలకు బండ్లెక్కుతారు.

మా ఇంట్లో గిన్నెలు కడిగే అమ్మాయికి పాతికేళ్లు కూడా లేవు. పెద్దకూతురు మూడో తరగతి. పోయినేడు ఆ పిల్లను అవ్వ దగ్గర వదిలి వెళ్లింది. ఈసారి వెంట తీసుకుపోతానంది. ఎనిమిది నెలల కొడుకున్నాడు మరి.

"పిల్ల చదువు పోదా?" అన్నాను.

"నేను చేన్లోకి దిగితే చిన్నోన్ని ఎవరు పట్టుకుంటారక్కా?" అంది.

నాకు జవాబు దొరకలేదు. కాయ కోస్తేనే కూలి.

మన ఇళ్లలో మాత్రం తక్కువా? "తమ్ముణ్ణి కాస్త చూడు" అంటూ నా కూతురి పుస్తకం నేనూ ఎన్నోసార్లు మూయించాను. కాకపోతే మా పిల్ల మర్నాడు బడికి పోయేది.

ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకా చదువు హక్కని 2009లో చట్టం చేశారు. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు కూడా పెట్టారు. కానీ అవి బడి ఈడు పిల్లలకే. చంటివాణ్ణి చూసే మనిషి లేనప్పుడు, పెద్దపిల్లను హాస్టల్లో వదిలి ఏ తల్లి వెళ్తుంది?

అందుకే నా మాట ఒకటే. కోత అయ్యేదాకా కూలీలు దిగిన చోటే ఒక అంగన్‌వాడీ నడపాలి. కాస్త నీడ, నీళ్లు, పిల్లల్ని చూసే ఒక ఆయా ఉంటే చాలు. అక్కడ తమ్ముడికి ఉయ్యాల దొరికితే, ఇక్కడ అక్క బడిసంచి భుజానికెక్కుతుంది.